గాజులకు పగటి వెలుగు, ముత్యాలకు ఒక రాత్రి: చార్మినార్ చుట్టూ ఒకటిన్నర రోజు

పగలంతా చూసేసి చీకటి పడ్డాక కొనుక్కుందాం అనే లెక్కతోనే చాలామంది చార్మినార్‌కి వస్తారు. ఆ లెక్క రెండుచోట్ల తప్పుతుంది. ముత్యాల దండ గుచ్చడానికి టైమ్ కావాలి, సాయంత్రం ఏడింటికి ఆర్డరిస్తే ఆ రోజు చేతికి రాదు. లక్క గాజుల రంగేమో షాపు లైట్ల కింద ఒకటి, వీధిలో ఎండకు ఇంకొకటి. లైట్ల కింద మెజెంటా అనుకున్నది ఇంటికెళ్ళి చీర పక్కన పెడితే ఇటుక రంగులో కనిపిస్తుంది. అందుకని ఇక్కడ కొనడానికి ఒక వరుస పెట్టుకోవాలి. ముత్యాలు పదకొండింటికి, గాజులు నాలుగింటికి, అత్తరు చీకటి పడ్డాక. కట్టడాలు వాటి మధ్యలో సర్దుకుంటాయి.

ఇక వారం సంగతి. శుక్రవారం సాలార్‌జంగ్ మ్యూజియం ఉండదు, చౌమహల్లా ప్యాలెస్ ఉండదు, మక్కా మసీదు దగ్గర మధ్యాహ్నం కాలు పెట్టడానికి చోటుండదు. ఆదివారం ముత్యాల దుకాణాల వీధి పత్తర్‌గట్టిలో కొన్ని షట్టర్లు దించే ఉంటాయి. అదీగాక వీధంతా జనం, గాజు చేతిలోకి తీసుకుని నింపాదిగా చూడనివ్వరు. మంగళ, బుధవారాలు పెట్టుకుంటే హాయి. రంజాన్ నెలలో రాత్రి బజారు చూడముచ్చటగా ఉంటుంది, హలీమూ దొరుకుతుంది. కానీ నాణ్యం చూసి కొనాల్సిన వస్తువులకు ఆ రద్దీ పనికిరాదు.

మొదటి రోజు

మెట్రోలో వచ్చేవాళ్ళు ఎంజీబీఎస్‌లో, అంటే మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దగ్గర దిగాలి. ఎరుపు లైను, ఆకుపచ్చ లైను రెండూ కలిసేది అక్కడే. అక్కడి నుంచి చార్మినార్ సుమారు రెండు కిలోమీటర్లు. ఆటో అతనికి చార్మినార్ అని చెప్పకుండా మదీనా సర్కిల్ అని చెప్పండి. చార్మినార్ చుట్టూ వాహనాలను రానివ్వరు, ఎలాగూ ముందే దించేస్తాడు. మదీనా దగ్గర దిగితే మీరు నడవాల్సిన వీధి మొదటి నుంచీ దొరుకుతుంది.

ఏడున్నరకల్లా అక్కడుంటే పత్తర్‌గట్టి మీదే. రోడ్డుకి రెండు వైపులా రాతి కమాన్ల వరుస, వాటి వెనక దుకాణాలు. 1908 మూసీ వరద తర్వాత ఊరిని తిరిగి కట్టే పనికి 1912లో నగరాభివృద్ధి బోర్డు పెట్టారు. ఈ వరుస ఆ బోర్డు పనే. పదకొండు దాటితే బోర్డులు, బట్టలు, తోపుడు బండ్లు అడ్డమొచ్చి రాయి కనపడదు. షట్టర్లు దించి ఉన్న ఈ రెండు మూడు గంటలే ఆ కట్టడాన్ని పూర్తిగా చూసే అవకాశం.

నడుస్తూ పోతే మొదట మచిలీ కమాన్, దాటగానే గుల్జార్ హౌజ్ అనే చిన్న ఫౌంటెన్. అక్కడ నిలబడి ఒక చుట్టు తిరిగితే నాలుగు దిక్కులా నాలుగు కమాన్లు. ఉత్తరాన మీరు దాటొచ్చిన మచిలీ కమాన్, తూర్పున కాలీ కమాన్, పడమర షేర్-ఎ-బాతిల్, దక్షిణాన చార్మినార్ కమాన్. చార్మినార్‌తోపాటే 1590ల మొదట్లో కట్టినవి. ఫోటో కావాలంటే దక్షిణపు కమాన్‌ను చట్రంలా పెట్టి దాని వెనక చార్మినార్ వచ్చేట్టు తీయాలి. ఎనిమిదిలోపైతే మధ్యలో ఆటో, మనిషి అడ్డం రారు.

టిఫిన్ కూడా అక్కడే. గుల్జార్ హౌజ్ దగ్గర బండి మీద వెన్న దోసెలు, ఇడ్లీలు పొద్దున్నే వేస్తారు, పది దాటితే అయిపోతాయి. నహారీ తినేవాళ్ళు ఇంకా పెందరాళే రావాలి. రాత్రంతా పొయ్యి మీద ఉడికిన కాళ్ళ పులుసు అది, ఎనిమిదిన్నరకి గిన్నె అడుగు కనిపిస్తుంది. చాయ్‌కి చార్మినార్ పక్కన ఇరానీ హోటళ్ళు ఉన్నాయి. డికాషన్ ఒక పాత్రలో మూతపెట్టి మగ్గుతుంటుంది, పాలు ఇంకో పాత్రలో చిక్కబడుతుంటాయి. కప్పులో రెండూ కలుస్తాయి. ఎక్కువ పాలు కావాలంటే ‘పౌనా’ అనండి. తీపీ ఉప్పూ కలిసిన ఉస్మానియా బిస్కెట్టు పక్కన ఉండాల్సిందే.

చార్మినార్ తొమ్మిదిన్నరకి తెరుస్తారు. తెరిచిన పది నిమిషాల్లో మెట్లెక్కేయండి, పదకొండు తర్వాత మెట్ల దగ్గర క్యూ కదలదు. మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1591లో కట్టించింది, అంటే హిజ్రీ వెయ్యో సంవత్సరం చుట్టుపక్కల. ఒక్కో పక్క 20 మీటర్లు, మినార్ల ఎత్తు 56 మీటర్లు. మెట్లు 149 అని చెబుతారు గానీ సందర్శకులను మొదటి అంతస్తు దాకానే వెళ్ళనిస్తారు. పై అంతస్తులో పడమటి వైపు మసీదు ఉంది. మెట్లు చుట్లు తిరుగుతూ ఇరుగ్గా, ఎత్తెత్తుగా ఉంటాయి. ఎక్కడం కంటే దిగడమే మోకాళ్ళకు కష్టం. చేతిలో సంచీ ఉంటే గోడ పట్టుకోవడానికి చెయ్యి ఉండదు, భుజానికి తగిలించేది తెచ్చుకోండి. పైనుంచి ఉత్తరానికి చూస్తే పొద్దున నడిచొచ్చిన దారి ఒకే గీతలా కమాన్ల గుండా కనిపిస్తుంది. పడమటికి చూస్తే గాజుల వీధి లాడ్‌బజార్. సాయంత్రం ఎటు నుంచి రావాలో ఇక్కడే చూసి పెట్టుకోవచ్చు. నాలుగు వైపులా ఉన్న గడియారాలు తర్వాత వచ్చినవి, 1889లో పెట్టారు.

దిగి నైరుతి మూలకు వెళ్తే మక్కా మసీదు. 1617లో సుల్తాన్ మహమ్మద్ కుతుబ్‌షా పునాది వేశాడు, 1694లో ఔరంగజేబు కాలానికి గానీ పూర్తికాలేదు. మధ్య కమాన్‌కు వాడిన ఇటుకల్లో మక్కా మట్టి కలిపారట, పేరు అలా వచ్చింది. మోకాళ్ళు, భుజాలు కప్పే బట్టలు తప్పనిసరి. వేసవిలో పదిన్నరకే ఆవరణ రాళ్ళు కాలిపోతుంటాయి, సాక్సులుంటే సంచీలో పెట్టుకోండి. ఎడమ పక్క వరుసగా ఉన్నవి ఆసఫ్‌జాహీల, అంటే నిజాముల వంశం వాళ్ళ సమాధులు. కొలను పక్కన నున్నటి రాతి బల్లలున్నాయి. వాటి మీద కూర్చున్నవాళ్ళు హైదరాబాద్‌కు మళ్ళీ వస్తారని ఊళ్ళో నమ్మకం. చెప్పకపోయినా అందరూ కూర్చుంటారు, అక్కడ నీడ అదే మరి.

పదకొండు పావుకి వెనక్కి పత్తర్‌గట్టికి. ఇప్పుడు ముత్యాలు.

హైదరాబాద్‌కు సముద్రం లేదు, ముత్యాలు ఇక్కడ పుట్టవు. నిజాముల కాలంలో బస్రా ముత్యాలు గల్ఫ్ నుంచి వచ్చేవి. ఇప్పుడు షోకేసుల్లో ఉన్నవాటిలో ఎక్కువ భాగం చైనా మంచినీటి ముత్యాలు. ఈ ఊరి పనితనమంతా వాటిని ఏరడం, రంధ్రం వేయడం, గుచ్చడంలో ఉంది. కొనేటప్పుడు చూడాల్సిందీ అదే. దండను వేలి మీద వేలాడదీసి రంధ్రం దగ్గర చూడండి. అసలుదైతే రంధ్రం అంచు పదునుగా, లోపల కూడా అదే రంగుతో ఉంటుంది. గాజు పూసకు పూత పూసినదైతే రంధ్రం చుట్టూ పూత పొరలా లేచి కనిపిస్తుంది. గులాబీ, ఊదా రంగు వేసినవైతే రంగు రంధ్రం దగ్గర ముద్దకట్టి ఉంటుంది. పంటికి మెల్లగా రుద్దితే అసలు ముత్యం సన్నటి ఇసుకలా గరగరమంటుంది, నకిలీది జారిపోతుంది. దుకాణాదారుడిని అడిగి చేయండి, ఇక్కడ ఎవరూ తప్పు పట్టరు. వంద ముత్యాలూ ఒకే సైజులో ఒకే గుండ్రంగా ఉండి ధర మాత్రం తక్కువంటే ఆగి ఆలోచించాలి.

ధర దగ్గర ఒక చిక్కుంది. ఒకచోట గ్రాము లెక్క, ఒకచోట క్యారెట్ లెక్క, ఇంకోచోట లైను లెక్క. గ్రాముకు ఐదు క్యారెట్లు. ఇంకో షాపులో గ్రాముకు విన్న అంకెను పెట్టుకుని ఇక్కడ క్యారెట్ అంకె వింటే చౌకనిపిస్తుంది, తూకం వేశాక ఐదు రెట్లవుతుంది. మొదటి ప్రశ్నే ‘ఈ రేటు దేనికి?’ అని ఉండాలి. బిల్లు మీద ముత్యం రకం, బరువు రాయించుకోండి.

అల్లిక ఎలా కావాలో కూడా మీరే చెప్పాలి. చెప్పకపోతే ముడులు లేకుండా గుచ్చిస్తారు, అది తొందరగా అవుతుంది కాబట్టి. ప్రతి ముత్యం తర్వాతా ఒక ముడి వేయించండి. దారం తెగినా ఒక్కటే రాలుతుంది, ఒకదానికొకటి రాసుకుని అరగవు. ముడి వేస్తే దండ పొడవు కొంచెం పెరుగుతుంది, అందుకే పొడవును అంగుళాల్లో, మెడకు దారం పెట్టి కొలిచి చెప్పాలి. సాదా ఒంటి పేట అయితే గంటా రెండు గంటల్లో ఇస్తారు. సత్‌లడా లాంటి ఏడు పేటల హారమైతే పేటలన్నీ ఒకదాని కింద ఒకటి సరిగా పడాలి, రేపు మధ్యాహ్నం తీసుకుంటామని చెప్పి అడ్వాన్స్ రసీదు తీసుకోండి. రసీదు మీద పేటలు, ముడి, పొడవు, కొక్కెం రకం రాయించండి. నోటిమాటగా వదిలేసిన విషయం దగ్గరే మర్నాడు పేచీ వస్తుంది.

ఆ పక్కనే, మదీనా వైపు సందులో బాద్‌షాహీ ఆషూర్‌ఖానా ఉంది. పత్తర్‌గట్టికి వచ్చేవాళ్ళలో నూటికి ఒకరు లోపలికి వెళ్తారేమో, బయటి నుంచి చూస్తే ఏమీ తెలియదు కాబట్టి. కులీ కుతుబ్‌షా కట్టించిన ఈ హాలు గోడలకు పచ్చ, పసుపు, నీలం పెంకుల మొజాయిక్ ఉంది, అది 1611 నాటిది. ఏ పెంకునూ గీసి రంగు వేయలేదు. ప్రతి రంగుకూ విడి పెంకును ఆకారానికి కోసి, పక్కదానితో వెంట్రుక సందు లేకుండా కూర్చారు. దగ్గరికెళ్ళి కింది భాగం చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. వరద నీళ్ళు నిలిచిన ఎత్తు దాకా పెంకులు పోయాయి, అక్కడ గచ్చు మీద రంగులతో అదే డిజైన్ గీశారు. అసలుకీ నకలుకీ మధ్య గీత నడుము ఎత్తున కనబడుతుంది. మొహర్రం రోజుల్లో ఇక్కడ పీర్లు నిలబెడతారు, అప్పుడు వచ్చేది మొక్కుకోవడానికి వచ్చేవాళ్ళే కాబట్టి చూడ్డానికని వెళ్ళకండి.

భోజనం మదీనా చుట్టూ చేసేయండి, బిర్యానీకి వెతకనక్కర్లేదు. ఒకటి దాటితే కూర్చోవడానికి నిలబడాలి, పన్నెండున్నరకే వెళ్తే మేలు. శాకాహారులకు ఘాన్సీబజార్ వైపు మార్వాడీల మిఠాయి దుకాణాల్లో పూరీ, కచోరీ దొరుకుతాయి.

రెండింటికి, ఎండ మండిపోతుండగా, చౌమహల్లా. చార్మినార్ నుంచి ఖిల్వత్ వైపు పది నిమిషాల నడక. 1750లో సలాబత్‌జంగ్ మొదలుపెట్టాడు, అఫ్జలుద్దౌలా కాలంలో, 1857కీ 1869కీ మధ్య, పూర్తయింది. దర్బారు హాల్లో 19 బెల్జియం షాండిలియర్లు వేలాడుతుంటాయి. కింద పాలరాతి గద్దె. మోటారు కార్ల కొట్లో 1912 నాటి పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ సిల్వర్ గోస్ట్ ఉంది, పిల్లలున్నవాళ్ళు మొదట అటు వెళ్ళండి. రెండు గంటలు చాలు. చెట్ల నీడ, మంచినీళ్ళు, శుభ్రమైన టాయిలెట్లు ఈ చుట్టుపక్కల మళ్ళీ దొరకవు, అవన్నీ ఇక్కడే చూసుకుని బయటపడండి.

నాలుగింటికి లాడ్‌బజార్. చార్మినార్ వైపు నుంచి కాకుండా మహబూబ్ చౌక్ వైపు నుంచి, అంటే పడమటి కొస నుంచి లోపలికి రండి. గడియార స్తంభం దగ్గర కోళ్ళు, పావురాలు అమ్మే చోటు దాటితే బజారు మొదలవుతుంది. ఈ కొసన జనం తక్కువ, పిలిచేవాళ్ళు తక్కువ, మొదటి రేటు కూడా కాస్త నేలమీద ఉంటుంది. పడమటి ఎండ వీపు మీంచి వీధిలోకి పడుతుంది, రంగు చూడ్డానికి అదే కావాలి.

గాజులు చేసేది పక్క సందుల్లోని ఇరుకు గదుల్లో. అడిగితే కూర్చోబెట్టి చూపిస్తారు. బొగ్గుల కుంపటి మీద ఇనుప రేకు. లక్కకు సుద్దపొడి, రంగు కలిపిన ముద్దను కర్ర కొసకు అంటించి వేడి చేస్తూ సాగదీసి తీగలా చేస్తారు. దాన్ని లోహపు రింగు మీద చుట్టి, కొసలను సెగకు పట్టి అతికించి, కొయ్య అచ్చు మీద తిప్పుతూ గుండ్రం చేస్తారు. తర్వాత అసలు పని. గాజును మళ్ళీ సెగ చూపించి, మెత్తబడిన ఆ కొద్ది క్షణాల్లో సన్నటి పుల్ల కొసతో ఒక్కో రాయినీ ఎత్తి లక్కలోకి నొక్కుతారు. చల్లబడగానే లక్క బిగుసుకుని రాయిని పట్టేస్తుంది, జిగురు అక్కర్లేదు. సెగ తక్కువైతే రాయి పైనే నిలబడి రెండు రోజుల్లో రాలిపోతుంది. ఎక్కువైతే మునిగిపోయి మెరుపు పోతుంది. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. లక్క మాత్రం జార్ఖండ్ అడవుల వైపు నుంచి వస్తుంది.

కాబట్టి కొనేటప్పుడు వేలి గోరుతో రాళ్ళ వరుస మీద ఒక చుట్టు గీయండి. సెగతో కూర్చినవి కదలవు. జిగురుతో అంటించినవైతే రాయి చుట్టూ తెల్లటి మసక ఉంటుంది, గోరుకు అంచు తగులుతుంది. రాళ్ళు ఊడితే పెట్టుకోవడానికి అదే రంగువి పది అదనంగా అడగండి, చిన్న పొట్లం కట్టి ఇస్తారు.

సైజు తెలియక డబ్బు పోగొట్టుకునేవాళ్ళే ఇక్కడ ఎక్కువ. టూ ఫోర్ అంటే రెండు అంగుళాల మీద పదహారింట నాలుగు భాగాలు, లోపలి వ్యాసం సుమారు 57 మిల్లీమీటర్లు. టూ సిక్స్ 60, టూ ఎయిట్ 63న్నర, టూ టెన్ దాదాపు 67. దుకాణంలో దో చార్, దో ఛే, దో ఆఠ్ అంటారు. పెళ్ళికూతురు అమెరికాలో ఉండి గాజులు ఇక్కడ కొంటుంటే ‘నాది మీడియం’ అన్న మాట పట్టుకుని రాకండి. చేతికి సరిపోయే పాత గాజును స్కేలు మీద పెట్టి లోపలి అంచు నుంచి లోపలి అంచుకి మిల్లీమీటర్లలో పంపమనండి. మట్టి గాజులు సన్నగా ఉంటాయి, నొక్కి ఎక్కించేయొచ్చు. లక్క గాజు మందం, పిడికిలి దగ్గర ఆగిపోతుంది, బలవంతంగా తోస్తే పగులుతుంది. అందుకే మట్టి గాజులకు టూ ఫోర్ వేసుకునే చేతికి లక్కలో టూ సిక్స్ తీసుకోవడం క్షేమం. సెట్టులో ప్రతి గాజునూ బల్ల మీద ఒకదాని మీద ఒకటి పేర్చి చూడండి. వంకర ఉన్నది పొడుచుకొచ్చి కనిపిస్తుంది.

చీర మొత్తం మోసుకురానక్కర్లేదు, జాకెట్ ముక్క చాలు. గాజునూ ముక్కనూ పట్టుకుని గుమ్మం బయటికి రండి. ‘భాయ్, బయట చూస్తాం’ అంటే ఎవరూ వద్దనరు. వద్దంటే ఆ షాపు వదిలేయండి. బేరం సంగతి అంటారా, మొదట చెప్పిన ధరలో సగం దగ్గర మొదలుపెట్టండి, ఒకే చోట మూడు నాలుగు సెట్లు తీసుకుంటే దిగుతారు. ఒక్క సెట్టు కోసం గంటసేపు బేరమాడితే ఇద్దరికీ విసుగే మిగులుతుంది. తెలుగు అందరికీ అర్థమవుతుంది, దక్కనీ ముక్క రెండు వస్తే ఇంకాస్త నవ్వుతూ మాట్లాడతారు.

ఆరున్నర. వెలుగు పోయింది, ఇక రంగుతో పనిలేని వస్తువు అత్తరు. ఒక విడతలో మూడుకి మించి వాసన చూడకండి, నాలుగోదానికి ముక్కు పనిచేయదు. సీసా మూత దగ్గర వాసన చూసి కొనడం కంటే మణికట్టు మీద చుక్క రాయించుకుని, వీధిలో ఇరవై నిమిషాలు తిరిగి వచ్చి, అప్పటికీ నచ్చితే తీసుకోవడం మంచిది. మొదట ఘాటుగా కొట్టి పావుగంటలో మాయమయ్యేవి చాలా ఉన్నాయి. తొలి వాన వాసన వచ్చే మిట్టీ అత్తరు, వట్టివేళ్ళ ఖస్ వేసవికి, మసాలా దినుసుల షమామా చలికాలానికి. ఇక్కడి కొలత తోలా, సీసాలో అది దాదాపు 12 మిల్లీలీటర్లు. బంగారం దగ్గర మన తులం ఇప్పుడు 10 గ్రాములు కదా, రెంటినీ కలిపి లెక్కేయకండి. మొదటిసారి 3 మిల్లీలీటర్ల సీసా చాలు. తెల్ల బట్ట మీద రాయొద్దు, మరక పోదు.

రెండో రోజు, సగం

పదింటికి సాలార్‌జంగ్ మ్యూజియం తెరుస్తారు. సంచీలు బయట పెట్టాలి, అందుకే హారం తీసుకోవడం దీని తర్వాత పెట్టుకున్నాం. మొత్తం చూడాలంటే రెండు రోజులు చాలవు. ఇటలీ శిల్పి బెంజోని 1876లో చెక్కిన మేలిముసుగు రెబెక్కా, ఒకే దుంగలో ముందు ‘ఫౌస్ట్’ నాటకంలోని దయ్యం మెఫిస్టోఫిలిస్, వెనక నాయిక మార్గరెట్టా ఉన్న కొయ్య బొమ్మ, పచ్చరాతి (జేడ్) వస్తువుల గది చూసి పన్నెండింటికి పది నిమిషాల ముందే గడియారం దగ్గరికి చేరండి. గంటకు కాస్త ముందు చిన్న బొమ్మ తలుపు తీసుకుని వచ్చి గంట కొడుతుంది. పన్నెండు దెబ్బలు కొట్టేది అప్పుడే గనక జనమంతా అప్పుడే వస్తారు.

బయటికొచ్చి పురానీ హవేలీ వైపు నడిస్తే నాలుగు మూలల మున్షీ నాన్ తందూరు గోడ నుంచి తీస్తుంటారు. వేడిగా రెండు కట్టించుకుని తినండి, రాత్రికి అట్టలా అవుతుంది.

తర్వాత పత్తర్‌గట్టి. హారాన్ని రసీదుతో పోల్చి చూడండి. ప్రతి ముత్యం మధ్య ముడి ఉందా, వేలాడదీస్తే పేటలు మెలికపడుతున్నాయా, కొక్కెం దగ్గర దారం కొస బయటికి పొడుచుకొచ్చిందా. కొస బయట ఉంటే చెమటకు ముడి జారుతుంది, అక్కడే వేయించుకోండి, పది నిమిషాల పని. అదే వీధిలో నల్ల లోహంలో వెండి పొదిగిన బిద్రీ పెట్టెలు కనిపిస్తే, అసలుది జింకు, రాగి మిశ్రమం కాబట్టి అయస్కాంతం అంటదు. వెండి గీత మీద గోరు పెడితే మిట్టగా తగలదు, నల్ల లోహంతో సమంగా ఉంటుంది. మిట్టగా తగిలితే అది రంగు.

ఇంటికి చేరేదాకా జాగ్రత్త ఒక్క గాజులకే. న్యూస్‌పేపర్ చుట్టకు ఎక్కించి, రెండు వైపులా దూది కుక్కి, డబ్బాలో పెట్టి చేతి సంచీలో ఉంచండి. ఎండలో నిలిపిన కారు డిక్కీలో మధ్యాహ్నం గడిపితే లక్క మెత్తబడి గాజులు ఒకదానికొకటి అతుక్కుంటాయి, విడదీస్తే రాళ్ళు పక్కదానితో పోతాయి. శానిటైజర్ రాసుకున్న చేత్తో ముట్టుకోకండి, స్పిరిట్‌కి లక్క కరుగుతుంది, మెరుపు అక్కడికక్కడే చచ్చిపోతుంది. ముత్యాలకు పడనిది సెంటు. అత్తరు రాసుకుని అది ఆరాకే హారం వేసుకోవాలి, తీసేటప్పుడు మెత్తటి బట్టతో తుడవాలి. ప్లాస్టిక్ కవర్లో మూసి పెట్టొద్దు, గుడ్డ సంచీ అడిగితే దుకాణంలోనే ఇస్తారు. మూడున్నరకల్లా మదీనా దగ్గర ఆటో ఎక్కేస్తే నయాపుల్ మీద సాయంత్రం జామ్ కట్టేలోపు ఎంజీబీఎస్ చేరతారు.